జవహర్‌నగర్ బటన్

నేను కార్లు అమ్మి రిటైరైన మనిషినని తెలియగానే పెళ్లి భోజనాల దగ్గర ఎవరో ఒకరు కుర్చీ నా వైపు జరుపుకుంటారు. "ఆ పెద్ద కంపెనీల్లో అన్నిటికంటే చిన్న కారు ఒకటుంటుంది చూడండి, అది కొనొచ్చా సార్? పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా?" అని అడుగుతారు. విస్తరి ముందు కూర్చుని అబద్ధమాడలేను. నిజం చెబుదామంటే అది పాయసం చల్లారిపోయేంత పొడుగు. అందుకే "ఒకసారి నడిపి చూడండి, మీకే తెలుస్తుంది" అని తప్పించుకుంటాను. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

నిజానికి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. అది నేను కనిపెట్టింది మాత్రం కాదు. ఉద్యోగం చివరి నెలలో ఒక ముసలమ్మ పుణ్యమా అని దొరికింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఆ కథ రాస్తున్నాను. నన్ను చూసి నవ్వుకుంటే ఏమీ అనుకోను. మా షోరూమ్‌లో ఇప్పటికీ నవ్వుకుంటున్నారట.

ముందు సరుకు సంగతి చెప్పాలి. స్కూటర్లతో మొదలుపెట్టి, తర్వాత మామూలు కార్లు అమ్మి, చివరి కొన్నేళ్లు మేడ్చల్ హైవే మీద ఒక విదేశీ కార్ల షోరూమ్‌లో పనిచేశాను. అక్కడ అన్నిటికంటే చౌక మోడల్‌ను మాలో మేము 'మొదటి మెట్టు' అనేవాళ్లం. దాని ముందున్న కంపెనీ గుర్తు బిళ్ల పెద్ద కార్లకున్న బిళ్లే. తలుపు వేస్తే అదే 'ధప్' శబ్దం. వెనక సీట్లో కూర్చుంటే మాత్రం మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. సీట్ల మీద తోలులా కనపడేది తోలు కాదు. కాగితంలో బొమ్మ చూసి మీరు మనసుపడ్డ హంగుల్లో సగం విడిగా కొనుక్కోవాలి. అదే డబ్బు పెడితే మామూలు కంపెనీలో ఇంటిల్లిపాదీ కాళ్లు చాపుకుని కూర్చునే బండి వస్తుంది. ఈ సంగతి కొనేవాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. అందరికీ తెలిసిన ఆ సంగతి ఎవరి నోటా రాకుండా చూడటమే మా పని.

ఇంతకీ నా సొంత కారు షోరూమ్ వెనక రేకుల షెడ్డు కింద ఉండేది. సిబ్బంది బండ్లు కస్టమర్ల కంటపడకూడదని నియమం. ఆ నియమం నా కారును చూశాకే పెట్టారని మా వాళ్లు అనేవాళ్లు.

టెస్ట్ డ్రైవ్‌కు కంపెనీ చెప్పిన దారి ఒకటుంది. రింగురోడ్డు పక్కన నున్నటి రోడ్డు. దాని మీద ఎడ్లబండి తోలినా లగ్జరీగానే ఉంటుంది. నేను బుర్ర ఉపయోగించి సొంత దారి ఒకటి కనిపెట్టాను. శామీర్‌పేట చెరువు మీదుగా వెళ్లి, తూంకుంటలో కొత్త వెంచర్లు చూపించుకుంటూ, అక్కడి నుంచి జవహర్‌నగర్ చెత్తగుట్ట పక్కకు తీసుకెళ్లేవాణ్ని. నగరం పారేసిందంతా చేరే చోటు కదా, ఆ గుట్ట కనపడకముందే ముక్కుకు తెలుస్తుంది. సరిగ్గా ఆ మలుపుకు కాస్త ముందు, కస్టమర్‌ను మాటల్లో పెట్టి, ఏసీ పక్కనున్న చిన్న బటన్ నొక్కేవాణ్ని. బయటి గాలిని ఆపేసి లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పే బటన్ అది. గుట్ట కిటికీ నిండా కనపడేదాకా ఆగి, నెమ్మదిగా "సార్, మనం ఎక్కడున్నామో చూశారా?" అనేవాణ్ని.

వాళ్లు అటు చూసేవాళ్లు, ముక్కు ఎగబీల్చేవాళ్లు. "అసలు వాసనే రావట్లేదే!" అని ఆశ్చర్యపోయేవాళ్లు.

"అదేనండీ మరి," అనేవాణ్ని. అంతకుమించి ఒక్క ముక్క పలికేవాణ్ని కాదు.

ఏసీ ఉన్న ఏ కారులోనైనా ఆ బటన్ ఉంటుంది. రేకుల షెడ్డు కింద నా డొక్కు కారులోనూ ఉంది. కానీ బౌరంపేట్ గేటెడ్ కమ్యూనిటీల నుంచి వచ్చే నా కస్టమర్లు అటువైపు ఎన్నడూ వెళ్లరు కాబట్టి దాని అవసరం వాళ్లకు పడలేదు. దాంతో ఆ ఘనతంతా విదేశీ ఇంజనీర్ల ఖాతాలో, కమీషన్ నా ఖాతాలో పడేది. నా కింద పనిచేసే ఒకమ్మాయి ఆ దారికి 'కంపు రూటు' అని పేరు పెట్టింది. నేను దాన్ని బిరుదు కింద తీసుకుని మురిసిపోయాను.

చివరి నెల వచ్చింది. టార్గెట్‌కు ఒక్క కారు తక్కువ. అది అమ్మకుండా వెళ్లిపోతే ఉద్యోగమంతా ఓడిపోయినట్టేనని నాకు నేనే గిరి గీసుకున్నాను. అప్పుడు వచ్చారు ఆ దంపతులు. ఆయనకు తూంకుంటలో టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకు, చర్చి సభలకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తాడు. నలభై దాటిన మనిషి. వచ్చీ రాగానే మొదటి మెట్టు దగ్గరికెళ్లి, ముందున్న బిళ్లను వేలితో నిమిరాడు. అలా నిమిరినవాళ్లు కొనకుండా వెళ్లడం నా అనుభవంలో లేదు.

ఆయన భార్య మాత్రం చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. "మా పాత బండి ఇయ్యాల్నా సార్?" అని అడిగింది.

ఏడుగురు కూర్చునే బండి అది. "ఇస్తేనే మీకు ధర కలిసొస్తుందమ్మా," అన్నాను.

"అయితే ఆదివారం మా ముసలోళ్లు చర్చికి ఎట్ల పోవాలె?" అంది ఆమె, నన్ను కాదు, మొగుణ్ని. "గా బండిల పది మందిని ఎక్కిచ్చుకొని పోతం సార్. మోకాళ్లు లెవ్వు, కండ్లు కనవడవు. మెయిన్ రోడ్డు దాటి పోవాలె."

"ఆటోలు లెవ్వా ఏంది?" అన్నాడాయన.

"ఆటోలు మారుకుంట పోతరా వాళ్లు? నువ్వొక్కనివి కారుల పో, నేను వాళ్లతోని నడుస్త." అని, నా వైపు తిరిగి సూటిగా అడిగేసింది. "మీరైతే కొంటరా సార్ దీన్ని?"

"నడిపి చూడండమ్మా, మీకే తెలుస్తుంది," అన్నాను.

శనివారం టెస్ట్ డ్రైవ్‌కు వచ్చేటప్పుడు ఆయన తన తల్లిని కూడా తీసుకొచ్చాడు. పెద్దవాళ్లు ముందు సీట్లో కూర్చోవాలని పట్టుబట్టాడు. అవ్వను ఆ సీట్లోకి దించడం ఒక పెద్ద పని అయింది. ఒక చేయి కోడలు, ఒక చేయి నేను పట్టుకున్నాం. "గుంతల దిగినట్టున్నది బిడ్డా," అంది అవ్వ కూలబడుతూ. కొడుకు స్టీరింగ్ పట్టాడు. మిగిలింది వెనక సీటు. నేను అన్నేళ్లుగా అమ్ముతున్న కారు వెనక సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. కస్టమర్ల మోకాళ్ల గురించి అన్నన్ని జోకులేసిన నేను నా మోకాళ్లను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాను.

అయినా కంపు రూటుకే దారి చూపించాను. మలుపు దగ్గరికి రాగానే ముందు సీట్ల మధ్య నుంచి చెయ్యి చాచి, ఏదో ఏసీ సరిచేస్తున్నట్టు బటన్ నొక్కాను. గుట్ట కనపడింది. గొంతు సవరించుకుని నా డైలాగు అందుకున్నాను. "సార్, మనం ఎక్కడున్నామో చూశారా?"

నా పక్కనున్న ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "జవహర్‌నగర్ బటన్ వొత్తిండ్రా సార్?" అంది.

"ఏ బటనమ్మా?"

"గదే, ఇప్పుడు వొత్తిండ్రు గద. మా దిక్కు దాన్ని అందరం గట్లనే అంటం. మా బండిల గూడ ఉన్నది. మలుపు రాంగనే మా చిన్నోడే వొత్తుతడు."

ఏళ్ల తరబడి నా సొంత కనిపెట్టుడు అనుకున్నదానికి ఇక్కడ పేరు కూడా పెట్టేసి ఉంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఏమిటో నాకు ఆ వెనక సీట్లో అర్థమైంది.

అవ్వకు మా మాటలు పట్టలేదు. "మన గల్లీ వచ్చింది. అద్దాలెందుకు మూసిండ్రు? తియ్యి బిడ్డా," అంది. కొడుకు నాలుగు అద్దాలూ ఒకేసారి దించేశాడు. వాసన గుప్పుమని లోపలికొచ్చింది. నేను వద్దనేలోపు కారు నా దారి వదిలి పక్క గల్లీలోకి తిరిగింది. వాళ్లు అక్కడే పుట్టి పెరిగారని, తూంకుంటకు వెళ్లి కొన్నేళ్లే అయిందని అప్పుడు తెలిసింది. అడిగితే ముందే చెప్పేవాళ్లు. నాకు చెప్పడమే తప్ప అడగడం అలవాటు లేదు.

కారును నడక వేగంలో పోనిస్తూ ఆయన అద్దంలో నన్ను చూసి చెప్పాడు. "టెంట్ పనికి కొత్తగ పోతున్నప్పుడు సార్, ఒక పెద్దమనిషి నన్ను గిసొంటి కారుల ఎక్కిచ్చుకున్నడు. నా బట్టలకు గుట్ట వాసన ఉండె. ఎక్కంగనే నాలుగు అద్దాలు దించిండు. ఏసీ నడుస్తనే ఉన్నది. ఏం తిట్టలే, ఏమనలే. ఊకె దించిండు. ఆ దినమే అనుకున్న. గసొంటి కారే కొని, అద్దాలు నేనే దించుకొని మా గల్లీల తిరుగుత అని."

ఆ గల్లీ పక్క నుంచి ఎంతోమందిని అద్దాలు మూసి తిప్పి, వాళ్ల చేత ముక్కు ఎగబీల్పించి, దాని మీద జీతం తిన్నాను. సిగ్గేసింది. చెప్పొద్దూ, సిగ్గు వెనకే సంతోషం కూడా వేసింది. ఇంత కోరిక ఉన్నవాడు కొనకుండా ఎక్కడికి పోతాడు!

అంతలో కారు కింద 'కర్ర్' మంది. బండి ఆగిపోయింది. గల్లీకి అడ్డంగా జానెడెత్తు సిమెంటు గట్టు ఉంది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, కారు నడుము గట్టు మీద. షోరూమ్‌లో అన్నేళ్లు పెంచి పోషించుకున్న నా 'అండీ' ఆ క్షణాన ఎటుపోయిందో. "అరె ఆగు! కింద తాకుతాంది! ఇగ ముంగటికి పోనియ్యకు!" అని మా ఊరి భాషలో అరిచాను.

"గిదా," అన్నాడాయన తల బయటపెట్టి చూసి. "గీ బ్రేకర్ నేనే పోసిన సార్. చెత్త లారీలు గల్లీల పడి ఉరుకుతుండె. పోరగాండ్లు ఆడుకునే జాగ. దోస్తులమంత సిమెంటు దెచ్చి పోసినం. ఒక్క లారీ గూడ మళ్ల ఉరకలే." కారు ఇరుక్కున్న బాధకంటే, గట్టు ఇంకా చెక్కుచెదరకుండా ఉందన్న గర్వమే ఆయన గొంతులో ఎక్కువ వినిపించింది.

గల్లీ అంతా బయటికొచ్చింది. తలుపు మీద మూరెడు అక్షరాలతో 'టెస్ట్ డ్రైవ్' అని రాసుంది. అది కారు పేరనుకున్నారో ఏమో, ఎవరూ పట్టించుకోలేదు. తమ పిల్లగాడు కారు కొని మొదట తమకే చూపించడానికి తెచ్చాడని అనుకున్నారు. కొత్త బండి వస్తే ప్రార్థన చేయకుండా ఉండరు. అవ్వ ఈడు ముసలమ్మ ఒకామె ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది. మిగతా ఆడవాళ్లు అద్దాల మీద, తలుపుల మీద, అందినచోట చేతులు పెట్టారు.

"ప్రభువా, గీ బండిని నీ చేతుల పెడుతున్నం," అంది ఆమె కళ్లు మూసుకుని. "ఎక్కినోళ్లను సల్లంగ జూడు. ఎదురొచ్చినోళ్లను సల్లంగ జూడు."

'ఇది మా కంపెనీ కారమ్మా' అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనూ కళ్లు మూసుకున్నాను. నేను వేడుకున్నది మాత్రం కారు అడుగు రేకు గురించి.

తర్వాత మేం దిగాం. అవ్వ దిగలేకపోయింది. ఆ లోతు సీట్లోంచి ఆమె మోకాళ్లు లేవనివ్వలేదు. గుంజితే అమ్మా అంటోంది. "ఉండనియ్యి, అవ్వతోనే లేపుదాం," అన్నాడెవరో. మగవాళ్లు అటూ ఇటూ చేరి, కింద చేతులు పెట్టి, ఒక్క ఊపుతో ఎత్తారు. బెత్తెడు లేచింది. ఇంకో ఊపుకు గట్టు దాటింది. అవ్వ లోపల పల్లకిలో కూర్చున్నట్టు కూర్చుని, దించిన అద్దంలోంచి అందరికీ చెయ్యి ఊపింది. పిల్లలు కేకలు, ఈలలు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూశాను. నిజం చెప్పాలంటే నాకూ తిరిగాయి. ప్రార్థన కూడా అయిపోయింది, ఇక బండి వీళ్లదేనని మనసులో లెక్కేసుకున్నాను.

ఎవరో నిమ్మకాయ షర్బత్ తెచ్చిచ్చారు. ప్రార్థన చేసిన ముసలమ్మ తలుపు తెరిచి వెనక సీటు తడిమి చూసింది. "రేపటి సంది చర్చికి గిండ్లనేనా బిడ్డా మనం పొయ్యేది?" అంది.

ఆమే లోపలికి తొంగి చూసి, సీట్లు చూసుకుని, తల ఊపింది. "మనం పట్టం తీ," అంది పక్కవాళ్లతో, ఏమాత్రం బాధపడకుండా. "పిల్లగాడు కష్టపడి కొనుక్కున్నడు. మనల్ని మోసుకుంట తిరగనీకెనా? మేం నడుచుకుంట పోతం బిడ్డా. జర జల్దీ లేస్తే అయిపాయె. నువ్వు పరేషాన్ గాకు."

మిగతా ముసలమ్మలు "అవ్ అవ్" అన్నారు. ఎలా నడవాలో, ఎక్కడ కాసేపు కూర్చోవాలో అప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన షర్బత్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తాగలేదు. ఆయన భార్య ఏదో అంటుందని నేను భయపడ్డాను. ఆమె వెళ్లి అవ్వకు షర్బత్ తాగించింది.

తిరుగు ప్రయాణంలో అద్దాలు మూశాం. నేను అలవాటు చొప్పున ముందుకు వంగి ఆ బటన్ నొక్కాను.

"సార్," అంది ఆయన భార్య, "ఇప్పుడు వొత్తితే వాసన బయటికి పోదు. లోపల్నే తిరుగుతది."

అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఆయన పగలబడి నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. విదేశీ కార్ల నిపుణుణ్ని, నేను బటన్ మళ్లీ నొక్కి, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాను.

షోరూమ్ ముందు దిగాక ఆయన తాళం నా చేతిలో పెట్టాడు. "వద్దు సార్. కారు మస్తుగున్నది. దాన్ని ఏమంట లేను. నా కోరిక తీరింది, గంతే. అద్దాలు దించుకొని మా గల్లీల తిరిగిన. మా అమ్మను కారుతోని సహా ఎత్తిండ్రు. ఇంతకంటె ఎక్కువ, కొన్నా రాదు."

నా దగ్గర ఒకే ఒక్క ఆయుధం మిగిలింది. "మరి ప్రార్థన కూడా చేశారు కదండీ. కొనకపోతే వాళ్లేమనుకుంటారు?"

"ప్రార్థన యాడికీ పోదు సార్. మీ కారుకు ఉండనియ్యుండ్రి," అని పాత బండి తలుపు తీశాడు. ఇద్దరూ కలిసి అవ్వను ఎక్కించారు. ఆ సీటు ఆమె నడుమెత్తున ఉంది. చెయ్యి పట్టుకుని తనే ఎక్కింది.

మా మేనేజర్ డెమో కారు తలుపు తీసి, వెంటనే మూసేశాడు. ఆ కారును నాలుగు తలుపులూ తెరిచి వెనక షెడ్డు బయట, నా డొక్కు కారుకు ఎదురుగా, ఎండలో ఆరబెట్టారు. "సార్, మీ కంపు రూటు చివరికి షోరూమ్ దాకా వచ్చింది," అంది ఆ పేరు పెట్టిన అమ్మాయి. టార్గెట్ ఒక్క కారు తక్కువతోనే నెల ముగిసింది.

వీడ్కోలు రోజున వెనక ఆవరణలో షామియానా వేయించారు. టెంట్ ఎవరిదో చెప్పనక్కర్లేదు, ఆయన్ని పిలిపించింది నేనే. రిటైరైనవాళ్లను దండ వేసి డెమో కారులో ఇంటిదగ్గర దింపడం మా షోరూమ్ ఆనవాయితీ. తీరా సమయానికి కారు లేదు. ఆ అమ్మాయి ఒక కస్టమర్‌ను టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లింది. ఏ దారిన తీసుకెళ్లిందని నేను అడగలేదు. "రాండ్రి సార్, నేను దింపుత," అన్నాడు టెంట్ హౌస్ ఆయన, ఆఖరి కుర్చీ మడుస్తూ.

అలా మడత కుర్చీల మధ్య, మెడలో దండతో, ఆ ఏడుగురి బండిలో బౌరంపేట్ పాత ఊళ్లో ఉన్న మా ఇంటిదాకా వెళ్లాను. ముందు సీట్లో అవ్వ ఉంది, సరదాగా వచ్చిందట. నేను కాళ్లు బారచాపుకున్నాను. ఏసీ పక్కన ఆ బటన్ కనపడింది. దాని మీది బాణం గుర్తు నొక్కి నొక్కి అరిగిపోయి ఉంది.

"ఇన్నేండ్లు గా కార్లు అమ్మినవు," అంది అవ్వ వెనక్కి తిరిగి. "నువ్వొకటి కొనుక్కున్నవా బిడ్డా?"

ఆమె కోడలు అడిగిన ప్రశ్నే మళ్లీ వచ్చింది. 'నడిపి చూస్తే తెలుస్తుంది' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదవ్వా. కొనలేదు."

నా మెడలో దండ వైపు, నా ముఖం వైపు చూసి, నాకు దక్కని దానికి నన్ను ఓదారుస్తున్నట్టు ఆమె నా మోకాలు తట్టింది.

"కారు మంచిదే బిడ్డా," అంది. "మోసేటోళ్లు ఉండాలె, గంతే."